మీ వీధిలో ఇంటర్నెట్ లైను నడపాలంటే ఏ సామాను కావాలి? లోను దరఖాస్తుకు ముందు చదవండి

పీఎంఈజీపీ గానీ ముద్ర గానీ లోను తీసుకుని, సొంత ఊళ్లోనో వార్డులోనో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే యూనిట్ పెట్టుకోవాలనుకునే పల్నాడు జిల్లా వాసుల కోసం ఈ వివరాలు. కొత్తగా ఉపాధి చూసుకుంటున్న యువకులకు, డ్వాక్రా సంఘాల్లోని అక్కచెల్లెళ్లకు, ఇప్పటికే కేబుల్ టీవీ నడుపుతూ నెట్ కూడా ఇద్దామనుకునేవాళ్లకు పనికొస్తాయి.

బ్యాంకువాళ్లు కొటేషన్ తెమ్మంటారు. మీరు షాపుకు వెళ్తే, షాపువాళ్లు తమ దగ్గరున్న సామానుకే కొటేషన్ రాసిస్తారు. అందులో ఎనిమిది పోర్టుల పెద్ద బాక్సు ఉంటుంది, మంచి రూటర్ ఉంటుంది. స్తంభం మీద పెట్టే జాయింట్ బాక్సులు ఉండవు. బ్యాటరీ ఉండదు, ఎర్తింగ్ ఉండదు, తెగిన తీగ అతికించే మిషన్ ఖర్చు ఉండదు. లోను మాత్రం మీ పేరు మీదే ఉంటుంది. మన జిల్లాలో నెట్ ఆగేది పెద్ద బాక్సు పాడై కాదు. తీగ తెగుతుంది, కరెంటు పోతుంది, ఎండకు యంత్రం వేడెక్కి ఆగుతుంది. రెండు రోజులు నెట్ రాకపోతే జనం డబ్బు కట్టరు, మీ కిస్తీ మాత్రం ఆగదు. అందుకని కొటేషన్‌ను మీరే తయారు చేసుకుని షాపుకు తీసుకెళ్లండి.

ముందు తేల్చుకోవాల్సింది: నెట్ ఎవరి దగ్గర నుంచి తెస్తారు?

సామాను జాబితా దీన్ని బట్టే మారుతుంది. ఇంటి ప్లాను ఒకటి తీసుకుని, వైరు లాగి పది ఇళ్లకు అమ్ముకోవడం చట్టరీత్యా కుదరదు. సొంత పేరు మీద ఇంటర్నెట్ అమ్మాలంటే కేంద్ర టెలికాం శాఖ అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఉన్న సంస్థకు భాగస్వామిగా చేరితే మీకు వేరే లైసెన్సు అక్కర్లేదు. ఊరి స్థాయిలో మొదలుపెట్టేవాళ్లకు ఇదే మేలు.

మన రాష్ట్రంలో ఇలాంటి పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఏపీ ఫైబర్‌నెట్. 2015లో ఏర్పాటైన ఈ ప్రభుత్వ సంస్థ భూమి తవ్వకుండా, ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ కేబుల్ లాగింది. పరికరాలను కరెంటు సబ్‌స్టేషన్లలో పెట్టింది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ముందుగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రాజెక్టును ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి ఇచ్చే ప్యాకేజీతో అది ఊళ్లలోకి వచ్చింది. అయితే ఇంటి గుమ్మం దాకా వైరు తెచ్చే పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్లే చేశారు. బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు కంపెనీలు కూడా ఇలాగే స్థానిక భాగస్వాములతో పని చేయిస్తాయి.

భాగస్వామిగా చేరేటప్పుడు నోటి మాటలు నమ్మకండి. పెద్ద బాక్సు ఎవరు కొంటారు, ఇంట్లో పెట్టే బాక్సు ఎవరిది, వీధిలో వేసిన తీగ ఎవరి ఆస్తి, నెల వసూళ్లలో మీ వాటా ఎంత, రేపు మీరు మానుకుంటే ఏది మీకు మిగులుతుంది అన్నవి కాగితం మీద రాయించుకోండి. కంపెనీ ఇచ్చే పరికరాన్ని మీరు లోను పెట్టి కొనడం దండగ.

ఇంకా చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే పీఎం-వాణి ఉంది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం దీన్ని ఆమోదించింది. కిరాణా కొట్టు, టీ కొట్టు, మీసేవా కేంద్రం ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి, వైఫై ద్వారా జనానికి నెట్ అమ్ముకోవచ్చు. లైసెన్సు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఫీజు లేదు. టెలికాం శాఖ దగ్గర నమోదైన అగ్రిగేటర్ సంస్థతో ఒప్పందం ఉంటే చాలు. సామాను కూడా కొంచెమే: ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, పీఎం-వాణికి సరిపోయే వైఫై యాక్సెస్ పాయింట్, ఒక చిన్న యూపీఎస్. 2025 జూన్‌లో ట్రాయ్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ప్లాన్లను కంపెనీలు ఇలాంటి కొట్లకు ఇంటి ధరకు రెండింతలు మించకుండా ఇవ్వాలి. అంతకు ముందు కొన్నిచోట్ల ఖరీదైన లీజు లైను తీసుకోమనేవారు. ఇప్పుడూ అలా ఎవరైనా అంటే ఈ ఉత్తర్వు సంగతి అడగండి. బస్టాండు దగ్గర, కాలేజీ దగ్గర, కూలీలు సాయంత్రం చేరే సెంటర్లో కొట్టు ఉన్నవాళ్లకు ఇది నప్పుతుంది. గోడలు అడ్డొస్తే వైఫై ఎక్కువ దూరం పోదు కాబట్టి ఇంటింటి కనెక్షన్లకు మాత్రం పనికిరాదు.

ఇంటింటికీ ఫైబర్ ఇచ్చేటప్పుడు

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో పోయేది కరెంటు కాదు, వెలుతురు. మీ గదిలో ఓఎల్‌టీ అనే పెద్ద బాక్సు ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక్కో పోగు వీధిలోకి బయల్దేరుతుంది. స్తంభం మీద ఉండే స్ప్లిట్టర్ ఆ వెలుతురును నాలుగుగానో ఎనిమిదిగానో పంచుతుంది. చివరికి ఇంట్లో ఓఎన్‌యూ అనే చిన్న బాక్సు దాన్ని మళ్లీ నెట్‌గా మారుస్తుంది. మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. పాత పద్ధతిలో లాన్ వైరుతో నెట్ ఇచ్చిన ఆపరేటర్లను అడిగి చూడండి. ఆ వైరు 100 మీటర్లు దాటితే పనిచేయదు. వంద మీటర్లకొక స్విచ్చు, దానికి ఎవరో ఒకరి ఇంటి కరెంటు, పిడుగు పడితే వీధి మొత్తానికి స్విచ్చులు మాడిపోవడం. ఫైబర్‌తో ఆ బాధ తీరింది. సాధారణ ఓఎల్‌టీ నుంచి 20 కిలోమీటర్ల దాకా కనెక్షన్ ఇవ్వొచ్చు.

ఓఎల్‌టీలో రెండు రకాలున్నాయి. ఈపాన్‌లో ఒక పోర్టుకు సుమారు 1 జీబీపీఎస్ వస్తుంది. జీపాన్‌లో కిందికి సుమారు 2.5, పైకి 1.25 జీబీపీఎస్ వస్తాయి. జీపాన్ పోర్టు మీద 64 ఇళ్లు పెట్టినా, అందరూ ఒకేసారి వాడినప్పుడు తలా 39 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. ఈపాన్‌లో అదే 15, 16కు పడిపోతుంది. ధరలో తేడా ఉన్నా, కొత్తగా కొనేవాళ్లు జీపాన్ తీసుకోవడమే మంచిది. ఏ కంపెనీతో చేరుతున్నారో వాళ్ల నెట్‌వర్కుకు ఏ రకం నప్పుతుందో ముందే కనుక్కోండి. ఒక రకం ఓఎల్‌టీకి ఇంకో రకం ఓఎన్‌యూ పనిచేయదు.

ఇప్పుడు ఇళ్ల లెక్క. మీ పరిధిలో 200 ఇళ్లు వస్తాయనుకుందాం. పోర్టుకు 64 చొప్పున నాలుగు పోర్టులకు 256 ఇళ్లు సరిపోతాయి. అంటే నాలుగు పోర్టుల ఓఎల్‌టీ చాలు. మొదటి ఏడాది 200 ఇళ్లు వస్తాయా అన్నది వేరే సంగతి! అందుకని ఓఎన్‌యూలు ఒకేసారి 200 కొనకండి. ముప్పై, నలభై చొప్పున తెచ్చుకుంటే డబ్బు ఇరుక్కుపోదు.

64 ఇళ్లకు పంచితే వెలుతురు సరిపోతుందా? దీనికో లెక్క ఉంది, పవర్ మీటర్ ఉన్నవాళ్లెవరైనా వేసుకోవచ్చు. ఓఎల్‌టీ నుంచి సుమారు ప్లస్ 3 డీబీఎం వెలుతురు బయల్దేరుతుంది. ఎనిమిదికి పంచే స్ప్లిట్టర్ దగ్గర సుమారు 10.5 డీబీ తగ్గుతుంది. అలాంటివి ఒకదాని తర్వాత ఒకటి రెండు పెడితే 21. మూడు కిలోమీటర్ల తీగకు ఒకటి, నాలుగు కనెక్టర్లకు రెండు, అతుకులకు అర. మొత్తం 24.5 పోగా ఇంట్లో బాక్సు దగ్గర మైనస్ 21.5 చూపిస్తుంది. మామూలు ఓఎన్‌యూ మైనస్ 27 దాకా అందుకోగలదు. కానీ మీరు మైనస్ 25 కంటే కిందికి పోనివ్వకండి. ఎండాకాలం తీగ సాగి, కనెక్టర్‌లో దుమ్ము చేరితే ఆ రెండు డీబీలే మిమ్మల్ని కాపాడతాయి. కనెక్టర్లు నీలం, ఆకుపచ్చ అని రెండు రంగుల్లో ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానిలో దూర్చితే సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది, వెలుతురు మాత్రం చాలా పోతుంది. కొత్త కుర్రాళ్లు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే.

తీగ, స్తంభం: డబ్బు ఇక్కడ పెట్టండి

కరెంటు స్తంభం మీదుగా లాగే కేబుల్‌లో ఇనుప తీగ ఉండకూడదు. ఏడీఎస్ఎస్ రకం అడగండి. అందులో లోహం ఏమీ ఉండదు, తన బరువు తానే మోసుకుంటుంది. ఇనుప తీగ ఉన్న చౌక కేబుల్ మీద కరెంటు లైను తెగి పడితే, ఆ షాకు వీధి పొడవునా పోతుంది. ఇది నెట్ సంగతి కాదు, ప్రాణం సంగతి. పల్నాడులో స్తంభాలు ఏపీసీపీడీసీఎల్ సంస్థవి. వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, అద్దె ఎంతో కనుక్కుని ప్రాజెక్టు రిపోర్టులో చూపించండి. లైన్‌మన్ ఎల్‌సీ తీసుకోకుండా మీ కుర్రాళ్లెవరూ స్తంభం ఎక్కకూడదు. "రెండు నిమిషాల పనే కదా" అన్న మాట ఎవరన్నా ఒప్పుకోవద్దు.

మెయిన్ లైనుకు 12 కోర్ల కేబుల్ వేయండి. నాలుగు పోర్టులకు నాలుగు కోర్లే కావాలి, మిగతా ఎనిమిదీ ఖాళీగా ఉంటాయి. దండగ అనిపిస్తుంది. రెండేళ్లలో ఒక కోరు చచ్చిపోయినప్పుడు, పక్క కోరుకు మార్చి అరగంటలో నెట్ ఇచ్చినప్పుడు దండగ కాదని తెలుస్తుంది. స్తంభం నుంచి ఇంట్లోకి వెళ్లే డ్రాప్ వైరు మాత్రం వంచినా విరగని రకం, అంటే జీ.657ఏ అని రాసి ఉన్నది అడగండి.

రోడ్డు దాటే చోట్ల ఎత్తు బాగా ఉంచండి. మన దగ్గర రోడ్డు మీద పోయేవి కార్లు మాత్రమే కాదు. వరిగడ్డి ట్రాక్టర్లు, పత్తి బోరేల లారీలు, మిర్చి టిక్కీలు నిండుగా వేసుకుని గుంటూరు యార్డుకు పోయే లారీలు. ఒక్క సీజన్‌లో ఒకే చోట మూడుసార్లు తెగితే, ఆ దాటే చోట ఇంకో స్తంభం వేయించడమే చవక. కోతులున్న వీధుల్లో వేలాడే చుట్టలు వదలకండి, చుట్టను స్తంభానికి బిగించి కట్టండి. ప్రతి జాయింటు దగ్గర పది, పదిహేను మీటర్ల తీగ మిగులు ఉంచుకోవాలి. తెగినప్పుడు ఆ మిగులే అక్కరకొస్తుంది. జాయింట్ బాక్సులు వాన నీరు చేరనివి, రబ్బరు సీలు ఉన్నవి తీసుకోండి.

అతికించే మిషన్ కొనాలా, అద్దెకా?

గాజు పోగులను కరిగించి అతికించేది స్ప్లైసింగ్ మిషన్. సామానులో ఖరీదైన వాటిలో ఇదొకటి. 200 ఇళ్ల యూనిట్‌కు మొదటి రోజే కొనమని మేము చెప్పం. మొదట లైను వేసేటప్పుడు కూలికి మనిషిని, మిషన్‌ను తెచ్చుకోవచ్చు. కానీ రాత్రి తీగ తెగితే ఆ మనిషి నరసరావుపేట నుంచి దుర్గికి వచ్చేదాకా ఎదురుచూడాలి. చుట్టుపక్కల మండలాల ఆపరేటర్లు ముగ్గురు, నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే అందరికీ అందుబాటులో ఉంటుంది. డ్వాక్రా సంఘంగా చేసేవాళ్లకు ఇది ఇంకా తేలిక.

మీ చేతిలో తప్పక ఉండాల్సినవి పవర్ మీటర్, రెడ్ లైట్ పెన్, క్లీవర్, స్ట్రిప్పర్, శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది రాని గుడ్డ. తీగ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెప్పే ఓటీడీఆర్ కూడా పనికొస్తుంది గానీ, కొనకపోయినా కంపెనీ టెక్నీషియన్ దగ్గర ఉంటుంది. వెలుతురు వస్తున్న ఫైబర్ కొనను కంటితో చూడకండి. ఓఎల్‌టీ వెలుతురు కంటికి కనబడదు, కానీ కన్ను పాడవుతుంది. తెగిన గాజు ముక్కలను డబ్బాలో వేసి మూత పెట్టండి. అవి చర్మంలో దిగితే తీయడం కష్టం, అన్నం తినే చోట అసలే పనికిరావు.

గది, కరెంటు, ఎండ

రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా తెలుసు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. రేకుల షెడ్డులోనో, మేడ మీద ఇనుప పెట్టెలోనో ఓఎల్‌టీ పెడితే లోపల వేడి ఇంకా ఎక్కువ. చాలా ఓఎల్‌టీలు 50, 55 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. శ్లాబు గది, ఎదురెదురు కిటికీలు, గాలి బయటికి తోసే ఫ్యాను ఉంటే ఏసీ లేకుండానే గడుస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల పక్క ఊళ్లలో దుమ్ము ఫ్యాన్లలోకి పోయి గడ్డ కడుతుంది. గాలి వచ్చే వైపు పల్చటి జాలీగుడ్డ కట్టి, నెలకోసారి ఉతకండి.

ఓఎల్‌టీ, రూటర్, స్విచ్చు కలిపి 100 వాట్ల దాకా తీసుకుంటాయనుకుందాం. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. నిజంగా వాడుకోగలిగేది 1,000 నుంచి 1,200. అంటే పది గంటలు. పల్లెల్లో గాలివాన వస్తే పది గంటల కరెంటు కోత వింత కాదు కదా, అందుకని అంతకంటే చిన్న బ్యాటరీ వద్దు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ రకం తీసుకోండి.

ఎర్తింగ్ గుంత తవ్వించి బొగ్గు, ఉప్పు వేసి సరిగ్గా చేయించండి. ఫైబర్‌లో పిడుగు ప్రవహించదు నిజమే. మేడ మీది లాన్ వైరులో, ఇనుప పోగు ఉన్న డ్రాప్ వైరులో ప్రవహిస్తుంది. ఒక్క పిడుగు ఓఎల్‌టీ ఖరీదును మింగేస్తుంది.

బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల తండాలకు స్తంభాల మీదుగా కేబుల్ లాగడం ఖర్చు ఎక్కువైతే, ఎదురెదురుగా కనబడే రెండు ఎత్తైన చోట్ల 5 గిగాహెర్ట్జ్ రేడియోలు పెట్టి లైను అందించవచ్చు. 2018లో కేంద్రం ఈ బ్యాండులో చాలా భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోనిచ్చింది. మధ్యలో చెట్టు పెరిగినా సిగ్నల్ తగ్గుతుంది. తండాలోపల ఇళ్లకు మళ్లీ ఫైబరే వేయండి.

లోను లెక్క

పీఎంఈజీపీలో సేవా రంగ యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు 20 లక్షల వరకు అనుమతిస్తారు. 5 లక్షలు దాటితే దరఖాస్తుదారు 8వ తరగతి పాసై ఉండాలి. పల్లెలో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, దివ్యాంగులు, మాజీ సైనికులకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. మిగతావాళ్లకు సబ్సిడీ 25 శాతం, సొంత వాటా 10 శాతం. పట్టణమైతే సబ్సిడీ 25, 15 శాతాలకు తగ్గుతుంది. మాచర్ల, పిడుగురాళ్ల, నరసరావుపేట మున్సిపాలిటీలోపల యూనిట్ పెడితే పట్టణం లెక్కే. పక్క పంచాయతీలో పెడితే పల్లె లెక్క. కాబట్టి ఓఎల్‌టీ గది చిరునామా ముందే ఆలోచించుకోండి.

ఉదాహరణకు పంచాయతీ పరిధిలో ఒక మహిళ 6 లక్షల ప్రాజెక్టు పెట్టారనుకుందాం. సొంతంగా 30 వేలు. బ్యాంకు 5 లక్షల 70 వేలు ఇస్తుంది. సబ్సిడీ 2 లక్షల 10 వేలు చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత లోనులో జమవుతుంది. మూడేళ్లలోపు యూనిట్ మూతపడితే ఆ సబ్సిడీ దక్కదు. బ్యాటరీ, మిగులు తీగ, ఎర్తింగ్ ఎందుకు ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది.

ఈ పథకం కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్న కేబుల్ వ్యాపారానికి ఇవ్వరు, అలాంటివాళ్లు ముద్రలో కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు అడగవచ్చు. కేంద్రం పీఎంఈజీపీని 2025–26 వరకు ఆమోదించింది. మీరు దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న నిబంధనలను నరసరావుపేటలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి రాసుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఏజెంటుకు డబ్బు కట్టాల్సిన పని లేదు.

సామాను కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు మీ యూనిట్ పేరు మీదే రాయించండి, ఓఎల్‌టీ, ఓఎన్‌యూలకు టెలికాం శాఖ వారి టెక్ ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. సీరియల్ నంబర్లు బిల్లు మీద ఉంటేనే వారంటీ అడగగలుగుతారు. టీవీ ఛానళ్లు కూడా ఇస్తే కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ వేరేగా ఉండాలి. 2025 జనవరి నుంచి అది పోస్టాఫీసులో కాదు, బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో చేస్తున్నారు. ఐదేళ్లకు 5,000 రూపాయలు. కనెక్షన్ ఇచ్చే ప్రతి ఇంటి నుంచీ గుర్తింపు కార్డుతో దరఖాస్తు ఫారం తీసుకోండి, తెలిసినవాళ్లయినా సరే. ఆ లైను మీద ఎవరైనా మోసం చేస్తే పోలీసులు మొదట వచ్చేది మీ గదికే, అప్పుడు చూపించాల్సింది ఆ ఫారమే.